కనుమ దాటితే కల్లంగడి

ఈ వేళ మనం మాట్లాడుకోబోయేది కల్లంగడి గురించి. పిల్లలకు పాఠాలు చెప్పే మనిషికి ఈ కబుర్లెందుకని కొందరు నొసలు చిట్లించవచ్చు. చిట్లించినా ఫరవాలేదు, రేడియో మాత్రం కట్టేయకండి. తాగమని చెప్పడానికి నేను రాలేదు. ఒక ఊళ్ళో పదిమంది సాయంత్రం పూట ఎక్కడ కూర్చుంటారు, ఏం తింటారు, ఏం తాగుతారు, తాగినవాళ్ళు ఇంటికి ఎలా చేరతారు అన్నవి ఆ ఊరి మంచిచెడ్డలే కదా. ఇంట్లో వీటిని మాట్లాడుకోం, బడిలో అసలే మాట్లాడుకోం. ఇక్కడైనా మాట్లాడుకుందాం.

మనది తాటిచెట్ల సీమ. పాంచాలంకురిచ్చి నుంచి ఓట్టపిడారం, అటు కోవిల్‌పట్టి, సాత్తూరు, విరుదునగర్ దాకా నల్లరేగడి చేల గట్ల మీద వానలు పడ్డా పడకపోయినా నిలబడే చెట్టు అదొక్కటే. తమిళనాడు రాష్ట్రవృక్షం కూడా అదే. చెట్టెక్కే మనిషి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఎక్కి, గెల కొసను పలచగా చెక్కి కుండ కడతాడు. కుండ లోపల సున్నం పూస్తే దిగేది పదనీరు. సున్నం పూయకపోతే అదే రసం కల్లు. ఒకే చెట్టు, ఒకే కుండ, ఒకే మనిషి. మధ్యలో ఉన్నది వేలెడు సున్నం. ఆ సున్నం ఉంటే మన రాష్ట్రంలో అది వ్యాపారం, లేకపోతే నేరం.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1971లో మద్యనిషేధం సడలించారు, మళ్ళీ రెండు మూడేళ్ళకే కల్లూ సారా అంగళ్ళు మూశారు. 1981లో తెరిచారు. 1987 జనవరి 1న కల్లంగళ్ళు మూతబడ్డాయి, అప్పటినుంచి తెరుచుకోలేదు. అయితే తాగుడు ఆగిందా? ఆగలేదని మీకూ తెలుసు, నాకూ తెలుసు. 1983లో పెట్టిన టాస్మాక్ సంస్థ 2003 నుంచి చిల్లర అంగళ్ళు కూడా తానే నడుపుతోంది. చెట్టు మీది కల్లు తప్పయింది, సీసాలోని బ్రాందీ ఒప్పయింది.

దీనివల్ల పోయింది కల్లొక్కటే కాదు, కూర్చునే తీరు కూడా పోయింది. సీసా కొన్నవాడు గోడపక్కన నిలబడి, ఒక ప్లాస్టిక్ గ్లాసు, ఒక నీళ్ళ పొట్లం, ఒక ఊరగాయ పొట్లంతో అయిదు నిమిషాల్లో కానిచ్చేస్తాడు. కడుపులో అన్నం ఉండదు, పక్కన తెలిసిన మనిషి ఉండడు. అలా తాగినవాడు ఇల్లు చేరేసరికి ఎలా ఉంటాడో ఆ ఇంటి ఆడవాళ్ళను అడగాలి.

కూర్చునే చోటు పూర్తిగా పోలేదని ఒక సంతోషం. విరుదునగర్‌లో దీపాలు పెట్టే వేళకు పరోటా అంగళ్ళ ముందు నిలబడి చూడండి. పెద్ద పెనంలో నూనె పోసి, అందులో పరోటాలు మునిగేట్టు వేయిస్తారు. కరకరలాడే దాన్ని తుంపి, ఆకులో వేసి, మీద పలచని సాల్నా పోస్తారు. పక్కన మటన్ చుక్కా. లారీ డ్రైవరు, పత్తి వ్యాపారి, పెళ్ళాం పిల్లలతో వచ్చిన గుమాస్తా, అందరూ ఒకే బల్ల దగ్గర. ఎవరి సాల్నా బాగుందో పోట్లాడుకుంటారు తప్ప వేరే పోట్లాట ఉండదు. మంచి తిండి ఉన్న చోట మనిషి నెమ్మదిస్తాడని నా అనుభవం. ఆ తిండీ, ఆ నెమ్మదీ, దానితో పాటు కల్లూ ఒకే కప్పు కింద ఎక్కడున్నాయని అడిగితే, మనకు దగ్గరలోనే ఉన్నాయి, పడమటి కనుమకు అవతల.

కోవిల్‌పట్టి నుంచి శంకరన్‌కోవిల్, తెన్‌కాశి, సెంగోట్టై మీదుగా పోతే పుళియరై దాటగానే కొండ ఎక్కుతాం. ఆర్యంకావు, తెన్మల, పునలూరు. సెంగోట్టై నుంచి కొల్లం పోయే పాత మీటర్ గేజి రైలు 2010లో ఆగిపోయింది. పెద్ద లైను వేసి 2018లో మళ్ళీ నడిపారు. నన్నడిగితే రైల్లోనే వెళ్ళండి. సొరంగాలూ వంతెనలూ చూసినట్టూ ఉంటుంది, తిరుగు ప్రయాణంలో బండి తోలే పని లేకుండానూ ఉంటుంది. తాగినవాడు ఆ కనుమ దారిలో బండి తోలకూడదు.

పల్లెలోకి దిగాక తెల్లటి పలక మీద నల్లటి పెద్ద అక్షరాలతో మలయాళంలో కళ్ళు అని రాసి ఉంటుంది. మన కల్లే. ఆ మాట వాళ్ళకూ మనకూ దగ్గరి చుట్టం. కొన్ని అంగళ్ళు చిన్న పాకలు, కొన్ని పెంకుటిళ్ళు. లోపల చెక్కబల్లలు, కొన్నిచోట్ల చిన్న చిన్న గదులుగా అడ్డుగోడలు. ఇప్పుడు చాలాచోట్ల కుటుంబాలకు వేరే గదులు కూడా పెట్టారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు వచ్చి తిని పోతారు. కల్లు ముట్టకుండా చేపల కూర కోసమే వచ్చేవాళ్ళూ ఉంటారు. ఒక మాట: కేరళలో 23 ఏళ్ళు నిండనివాళ్ళకు కల్లు పోయకూడదు. 2017లో 21ని 23 చేశారు. కాబట్టి కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని పోకండి.

మన వైపు తాటికల్లు, అక్కడ ఎక్కువగా కొబ్బరికల్లు. తాటికల్లు కావాలంటే పాలక్కాడు జిల్లాలో చిత్తూరు వైపు పోవాలి, మన ఆంధ్రా చిత్తూరు కాదు సుమా. కూర్చోగానే ఒక కూజాలోనో సీసాలోనో పాలలాంటి కల్లు పెడతారు. పొద్దున దించింది తియ్యగా ఉంటుంది, మధురక్కళ్ళు అంటారు. పొద్దెక్కిన కొద్దీ పులుపెక్కి ఘాటవుతుంది, అది మూత్త కళ్ళు. కొత్తవాళ్ళు తియ్యటిది అడగడం మంచిది.

కానీ అక్కడికి పోయేది తిండికి. కప్ప అంటే కర్రపెండలం, మన వైపు మరవళ్ళి. దాన్ని ఉడికించి, మెదిపి, కొబ్బరి, పసుపు, పచ్చిమిర్చి వేసి ఒక ముద్దగా పెడతారు. దాని పక్కన చేపల కూర, కుంకుమలా ఎర్రగా. మనం చింతపండు వేసే చోట వాళ్ళు కుడంపుళి వేస్తారు, నల్లగా ఎండిన పుల్లటి కాయముక్క. ఆ పులుపు నాలుక చివర కాదు, దవడల్లో తెలుస్తుంది. ఇంకా బాతు వేపుడు, పీతలు, అరటాకులో చుట్టి కాల్చిన కరిమీన్. మిరియాలు కొంచెం కూడా వెనకాడకుండా వేస్తారు. కారం ఎక్కువైతే కల్లు ఎక్కువ అమ్ముడవుతుందని వాళ్ళ లెక్క కావచ్చు. నా లెక్క వేరు. కడుపు నిండా కప్ప తిన్నవాడు మూడో సీసా అడగడు, అడిగినా పూర్తి చేయడు.

కల్లు ఎందుకు పులుస్తుందో రెండు మాటల్లో చెప్పనివ్వండి, పంతులు బుద్ధి ఎక్కడికి పోతుంది! రసంలో చక్కెర ఉంటుంది. గాలిలోనూ కుండలోనూ ఉండే ఈస్టు దాని మీద పడి సారాగుణం పుట్టిస్తుంది. మనం ఏమీ కలపక్కర్లేదు. కొన్ని గంటల్లోనే అది మామూలు బీరు పాటి ఘాటుకు వస్తుంది, ఇంకా ఉంచితే మర్నాటికి వెనిగరయి కూర్చుంటుంది. బెల్జియం దేశంలో బ్రస్సెల్స్ చుట్టుపక్కల లాంబిక్ అని ఒక బీరు కాస్తారు. అక్కడ కూడా ఈస్టు వేయరు, గాలిలో ఉన్నదే వచ్చి పులియబెడుతుంది. లోకమంతా దాన్ని గొప్పగా చెప్పుకుంటుంది. ఈ మధ్య బెంగుళూరు, హైదరాబాదులలో కూడా అంగట్లోనే బీరు కాచి, వేడి వేడి తిండితో పెట్టే చోట్లు వచ్చాయి. మన పిల్లలు ఉద్యోగాలకు పోయి అక్కడ కూర్చుని ఫొటోలు పంపుతారు. ఒక గ్లాసు ధర వింటే మనకు కళ్ళు తిరుగుతాయి. చెట్టు తనంతట తాను కాచే బీరును మాత్రం మోటు అంటాం.

అలాగని కల్లంగడి అంతా మేలే అని నేను అనను. హైదరాబాదులో కల్లు కాంపౌండ్లు మూతపడి, 2014లో మళ్ళీ తెరుచుకున్నాయి. చెట్టు కల్లు చాలక మత్తుమందులు కలిపి అమ్మేవాళ్ళు అక్కడ తయారయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి వైపు కల్తీకల్లు తాగి కొందరు చనిపోయారు. ఇక మన రాష్ట్రంలో 2024 జూన్‌లో కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా 60 మందికి పైగా ప్రాణాలు తీసింది. అది కల్లు కాదు, నాటుసారా. కానీ చనిపోయినవాడి ఇంట్లో ఆ తేడా ఎవరు అడుగుతారు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకున్న ఆడవాళ్ళే సారా అంగడి మీదికి కదిలారు. ఆ కదలిక ఆంధ్ర అంతా పాకి 1993లో సారా నిషేధం తెచ్చింది. వాళ్ళ కోపాన్ని మరిచిపోయి కల్లు రుచి గురించి మాట్లాడడం న్యాయం కాదు.

మన వైపు కల్లు మళ్ళీ రావాలని రైతులు చాలా ఏళ్ళుగా అడుగుతున్నారు. 2025 జూన్‌లో మన తూత్తుకుడి జిల్లాలోనే ఒక పార్టీ నాయకుడు తాటిచెట్టెక్కి కల్లు దించి చూపించాడు. వస్తుందో రాదో సర్కారు చూసుకుంటుంది. వచ్చేటట్టయితే నా కోరిక ఒకటే, వంటిల్లు లేని అంగడికి లైసెన్సు ఇవ్వకూడదు. పొయ్యి వెలగాలి, బల్లలుండాలి, తలుపు వీధివైపు తెరిచి ఉండాలి, ఆ ఊరి ఆడమనిషి లోపలికొచ్చి తన మొగుణ్ణి భోజనానికి పిలవగలగాలి. కల్లు ఏ చెట్టుదో, ఎవరు దించారో అంగడివాడు చెప్పగలగాలి. చెట్లెక్కే కుర్రవాళ్ళు తగ్గిపోతున్నారు కాబట్టి ఈ చివరిది అన్నిటికంటే కష్టం. ఎక్కేవాడికి నాలుగు డబ్బులు మిగలకపోతే అంగళ్ళు తెరిచినా కుండలోకి దిగేది చెట్టు రసం కాదు, ఏదో పొడి.

కనుమ దాటి వెళ్ళేవాళ్ళకు ఇంకొక్క సంగతి. రుచి బాగుందని ఒక సీసా సంచిలో పెట్టుకుని వెనక్కి రాకండి. పుళియరై చెక్‌పోస్టు దగ్గర అది మన రాష్ట్రం చట్టానికి నేరం. దానికి తోడు ఆ ఎండకు సీసా మూత ఎగిరి బట్టలన్నీ కంపు కొడతాయి.

కనుమ దాటనివాళ్ళకు ఎండాకాలం రాగానే పదనీరుంది. పాంచాలంకురిచ్చి కోట చూడవచ్చినవాళ్ళయినా, ఓట్టపిడారం సంతకు వచ్చినవాళ్ళయినా ఎండెక్కకముందే రోడ్డు పక్కన ఆగి అడగండి. తాటాకు దొన్నెలో పోసి, లేత ముంజలు నలిపి వేసి ఇస్తారు. కొంచెం సున్నపు వాసన తగలాలి. అసలు తగలకపోతే ఆ కుండలో సున్నం పూయలేదన్నమాట, లేదా చక్కెరనీళ్ళన్నమాట. రెండో దొన్నె దాకా ఆగండి, రుచి అప్పుడే తెలుస్తుంది.