కాటిసీను విన్న చెవులకు గాతిక్ పాట



నేడు నేను ముచ్చటింపబోవు విషయము మీలో పలువురకు కొత్తది. ఇంగ్లాండు దేశమున 1978 మొదలుకొని పది పండ్రెండేండ్ల లోపల పుట్టి పెరిగిన యొక పాటతీరును గూర్చి చెప్పెదను. దానిని పోస్టుపంకు అనియు, అందు మిక్కిలి చీకటిరంగు పులుముకొన్న శాఖను గాతిక్ రాక్ అనియు వ్యవహరింతురు. ఈ పేర్లు విని రేడియో కట్టివేయబోవువారు కొంచెము ఓపిక పట్టవలెనని నా మనవి. నేను సంగీతవిద్వాంసుడను గాను. నూజెండ్లలో పుట్టి, సేద్యము చేసికొనుచు, ఏటేట తిరునాళ్లలో తెల్లవార్లు నాటకములు చూచుచు ముసలివాడనైనవాడను. అట్టివాడు మీకు ఇంగ్లీషు పాటలు వినుడని చెప్పుటకు కారణము ముందుగా మనవి చేసెదను.

మా మనుమడు హైదరాబాదులో ఇంజనీరింగు చదువుచున్నాడు. సంక్రాంతికి ఇంటికి వచ్చి, పండుగనాడును నల్లచొక్కాయే తొడిగికొనెను. దాని రొమ్ముమీద తెల్లని గీతలు ఒకదానిపై నొకటి కొండల వరుసవలె నున్నవి. "ఏమిరా ఇవి, నల్లమల కొండలా?" అని యడిగితిని. "కొండలు కాదు తాతయ్యా, నక్షత్రం" అనెను. నవ్వులాట యనుకొంటిని, కాని నిజమే చెప్పినాడు. 1967 లో శాస్త్రజ్ఞులు ఆకాశమున నొక వింతతారను కనుగొనిరి. అది గిరగిర తిరుగుచు, ఒకటిన్నర సెకండు లోపల నొకమారు చొప్పున, గడియారము తప్పినను తాను తప్పనన్నట్లు రేడియో తరంగములను పంపుచుండును. ఆ తరంగములను కాగితముపై గీయగా వచ్చిన బొమ్మయే వాని రొమ్ముమీది కొండలు. 1979 లో జాయ్ డివిజన్ అను మేళమువారు తమ మొదటి ఆల్బమునకు దానిని అట్టబొమ్మగా పెట్టుకొనిరి. నాటినుండి లోకములోని పడుచువాండ్ర చొక్కాలపై అది తిరుగుచున్నది. రేడియోలో మాటలాడుచు ఈ సంగతి చెప్పకుండుట నాకు సాధ్యము కాలేదు.

ఆ రాత్రి వాడు మిద్దెమీద దీపము లేకుండ పండుకొని, చెవులలో తీగలు పెట్టుకొని వినుచుండెను. పండుగపూట చీకటిలో ఈ ఏడ్పుపాటలేమని కేకలు వేసితిని. వాడు కోపపడలేదు. "ఒక్కటి విను తాతయ్యా. నచ్చకపోతే తీసెయ్యి" అని ఒక తీగ నా చెవిలో పెట్టెను. నాకొక్క మాటయు బోధపడలేదు. మంద్రస్థాయిలో ఒక గిటారు ముందు నడుచుచున్నది. డ్రమ్ము ఎచ్చటనో దూరపు గోడకు తగిలి వచ్చినట్లున్నది. పిమ్మట నొక మగగొంతు, నూతిలోనుండి పిలిచినట్లు, లేచినది. అది వినిన యుత్తరక్షణమున నాకు స్ఫురించినది ఇంగ్లాండు కాదు, కాటిసీను.

మనలో హరిశ్చంద్ర నాటకము చూడనివారు లేరు. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకమున ఎన్ని రంగములున్నను, జనము నిద్ర యాపుకొని కూర్చుండునది కాటిసీను కొరకే. అర్ధరాత్రి దాటును. దీపములు తగ్గింతురు. భుజమున కఱ్ఱ పెట్టుకొని కాటికాపరి యొంటరిగా వచ్చును. హార్మోనియము ఒక్క స్వరము పట్టి నిలుచును. అచ్చట నటులు పాడు పద్యములలో పేరెన్నికగన్నవి మన వినుకొండలో 1895 లో పుట్టిన గుఱ్ఱము జాషువగారి శ్మశానవాటి పద్యములు. అవి నాటకకర్త వ్రాసినవి కావు. జనము కోరగా నటులు తెచ్చి చేర్చినవి. అంటరానితనముచే ఊరిలో అవమానముల పాలైన కవి, అందరును సమానులై పరుండు చోటు శ్మశానమే యని చెప్పగా, తెల్లవారి పొలమునకు పోవలసిన రైతులు "వన్స్‌మోర్" అని కేకలు వేసిరి. మనమేల ఆ పద్యములను మఱల మఱల కోరితిమి? చావుమీద మోజుచేత కాదు గదా! పగలు ఒకరితో నొకరము చెప్పుకొనలేని దుఃఖము ఆ గొంతులో మనకు బదులుగా పలికెను. ఆ చెవి గలవారికి ఈ ఇంగ్లీషు పాట పరాయిది కాదని నా యభిప్రాయము.

ఇక పేరు సంగతి. గాతులనగా 410 లో రోమునగరమును కొల్లగొట్టిన జర్మను జాతివారు. తరువాతి ఇటలీవారికి కూచిగా పైకి లేచిన పాతచర్చి కట్టడములు నచ్చక, మోటుతనమును సూచించుటకై వానికి గాతుల పేరు తగిలించిరి. 1764 లో హోరేస్ వాల్‌పోల్ అను నాంగ్లేయుడు పాడుబడిన కోటలు, దయ్యములు గల నవల వ్రాయగా, ఆ పేరు భయానకకథల కెక్కెను; అచ్చటినుండి పాట కెక్కెను. పంకు అనునది 1976 ప్రాంతమున లండనులో చెలరేగిన పాట. మూడు స్వరమేళనములు, మిక్కుటమైన వేగము, కోపము; అంతే. కోపము ఎంతకాలము నిలుచును? ఆ తీరుకు ముందు నిలిచిన జాన్ లైడన్ అను గాయకుడే 1978 జనవరిలో తన మేళమును విడిచి, ఆ యేడే పబ్లిక్ ఇమేజ్ లిమిటెడ్ అను వేరొక మేళము కట్టెను. వేగము తగ్గినది, సందు దొరకినది, ఆ సందులో దుఃఖము ప్రవేశించినది. పోస్టుపంకు అనగా పంకు తరువాతిది యని మాత్రమే యర్థము.

జాయ్ డివిజన్ మాంచెస్టరు ప్రాంతపువారు. మన పెద్దల కాలమున ఏ మాంచెస్టరు మిల్లుబట్ట వచ్చి మన మగ్గముల నోరు కొట్టెనో, ఆ మాంచెస్టరు మిల్లులే మూతపడి, పాతపేటలు కూల్చివేయబడిన కాలమున పెరిగిన పిల్లలు వారు. ఆ పాటలో వినబడు ఖాళీతనము ఖాళీయైన ఆ ఊరిదే. వారి మొదటి ఆల్బము పేరు అన్నోన్ ప్లెజర్స్. దానిని రాత్రివేళ వినవలెను, మిక్కిలి గట్టిగా పెట్టరాదు. మొదట గొంతును విడిచి పీటర్ హుక్ అనునతని బాసుగిటారు వెంట పొండు. సాధారణముగా బాసు వెనుక నుండి పాటను మోయును. ఇచ్చట అదియే రాగము పాడును. రెండవమారు విన్నప్పుడు గొంతు దానంతట అదియే వినవచ్చును.

ఆ గొంతు ఇయాన్ కర్టిస్ అనువానిది. ఇరువది మూడేండ్ల వాడు. పాట కూడుపెట్టనంత కాలము, పని లేనివారికి పని చూపు సర్కారు కచ్చేరీలో ఉద్యోగము చేసెను. అచ్చటికి మూర్ఛవ్యాధి గల యొక పడుచు వచ్చుచుండెడిది. ఆమె చనిపోయినదని విని, షీజ్ లాస్ట్ కంట్రోల్ అను పాట వ్రాసెను. ఆ వ్యాధియే అతనికిని వచ్చెను. వేదికమీదనే మూర్ఛలు వచ్చుచుండెడివి. కొందఱు ప్రేక్షకులు అదియు నాటకమే యనుకొనిరి. 1980 మే 18 న, అమెరికా ప్రయాణమునకు ముందటి రోజున, అతడు ఆత్మహత్య చేసికొనెను. రెండవ ఆల్బము క్లోజర్ అతడు పోయిన పిమ్మట వెలువడెను. మిగిలిన ముగ్గురు మిత్రులు న్యూ ఆర్డర్ అను వేఱుపేరుతో సాగిరి. తరువాత వారు చెప్పిన సంగతి నన్ను మిక్కిలి కలచివేసినది. ఆ పాటలలోని మాటలు తాము ప్రతిదినము వినుచునే యుండిరట. అతడు వేరెవరి బాధనో చక్కగా వ్రాయుచున్నాడనుకొనిరట; తన బాధయే చెప్పుకొనుచున్నాడని తోచలేదట.

ఈ సంగతి మనుమడు చెప్పుచుండగా వాని గొంతు కొంచెము మారినది. నేను పాట సంగతి విడిచి, "నీ సంగతేమిరా నాయనా?" అని యడిగితిని. చాలసేపు పలుకలేదు. పిమ్మట చెప్పినాడు: రెండు పరీక్షలు తప్పినాడట. నాలుగు నెలలుగా తండ్రికి చెప్పలేక, ప్రతి ఆదివారము ఫోనులో అంతయు బాగున్నదని చెప్పుచు వచ్చినాడట. నేను వానికి హితబోధ చేయలేదు. తెల్లవారిన పిమ్మట ఇద్దఱమును కలిసి వాని తండ్రితో చెప్పితిమి. కొంత రగడ జరిగినది, అణగినది. ఆ తీగ నా చెవిలో పెట్టుకొనక, పండుగపూట ఈ శనిపాటలేమని ఫోను లాగికొని యుంటినా, ఆ మాట నాకు దక్కెడిది కాదు. ఈ పాటలు పిల్లలను చెఱచుననువారు కొందఱున్నారు. కాటిపద్యము విని కాటికి పోయినవారిని నేనెఱుగను. ఐనను, పిల్లవాడు అన్నము మాని, మాట మాని, ఒక్క పాటయే వినుచున్నచో, ఆ పాటతో జగడమాడుట కంటె వాని ప్రక్కన కూర్చుండి అడుగుట మేలు. అవసరమైనచో వైద్యునికి చూపుటకును సిగ్గుపడరాదు.

తరువాత వినదగినది బౌహౌస్ అను మేళము. నార్తాంప్టను పట్టణపువారు. 1979 లో వచ్చిన వీరి బేలా లుగోసీస్ డెడ్ అను పాటతోనే గాతిక్ తీరు మొదలైనదని పలువురందురు. బేలా లుగోసి హంగరీలో పుట్టిన నటుడు. 1931 నాటి చలనచిత్రమున డ్రాక్యులా యను రక్తపిశాచి వేషము వేసి, 1956 లో మరణించినప్పుడు ఆ వేషపు నల్లని పైవస్త్రముతోనే పాతిపెట్టబడెను. పాట తొమ్మిది నిమిషములకు పైబడినది. రెండున్నర నిమిషములు దాటువఱకు గొంతే రాదు. గోడపై గోరు గీచినట్లు గిటారు, పాతతలుపు కొట్టుకొన్నట్లు డ్రమ్ము. మన నాటకములలో తెఱ లేచుటకు ముందు హార్మోనిస్టు ఎంతసేపు వాయించువాడో ఎఱిగిన వారికి ఇది విసుగు పుట్టింపదు. భయపడనవసరము లేదు, ఇందు కొంత వేళాకోళము కూడ నున్నది.

సూజీ అండ్ ది బాన్షీస్ అనునది స్త్రీ ముందు నిలిచి నడపిన మేళము. బాన్షీ యనగా ఐర్లండు పల్లెల నమ్మకమున, ఇంటిలో చావు కలుగబోవునపుడు బయట నిలిచి ఏడ్చు స్త్రీరూపము. మనకు గుడ్లగూబ కూత యెట్టిదో వారికి అది యట్టిది. 1981 లో వచ్చిన జూజూ వీరి ఆల్బములలో నాకు నచ్చినది. సూజీ గొంతు బ్రతిమాలదు, ఆజ్ఞాపించును. పల్నాటి కథలో నాగమ్మ మాట ఎట్లుండెనో యని యూహించుకొనువారు ఈ గొంతు వినవచ్చును. 1991 నాటి కిస్ దెమ్ ఫర్ మీ అను పాటలో తల్వీన్ సింగ్ అనునతడు తబలా వాయించెను. నాకీ పాటలన్నిటిలో మొదటిమారే చప్పున పట్టుబడినది అదే, కారణము చెప్పనేల?

1982 లో లండనులో బ్యాట్‌కేవ్, అనగా గబ్బిలముల గుహ, అను పాటల క్లబ్బు వెలసెను. నల్లదుస్తులు, కంటి చుట్టును దట్టమైన కాటుక అచ్చటినుండియే లోకమునకు ప్రాకెను. కాటుక మనకు కొత్త కాదు గనుక దానిని గూర్చి ఎక్కువ చెప్పను. లీడ్స్ పట్టణపు సిస్టర్స్ ఆఫ్ మెర్సీ వారికి గొప్ప పేరున్నది. వారి మేళములో డ్రమ్ము వాయించునది మనిషి కాదు, యంత్రము. దానికి డాక్టర్ అవలాంచ్ అని పేరు పెట్టి మేళగానిగనే లెక్కింతురు. 1985 నాటి వారి ఆల్బమును మనుమడు నాకు రెండుమార్లు వినిపించెను. మద్దెలపై చేయి పడుట చూచి పెరిగినవాడను. ఆ యంత్రము నాకు రుచింపలేదు. మీకు రుచింపవచ్చును.

మీరొక్కటే వినదలచినచో, ది క్యూర్ అను మేళము 2024 నవంబరులో వెలువరించిన సాంగ్స్ ఆఫ్ ఎ లాస్ట్ వరల్డ్ అను ఆల్బము వినుడు. గాయకుడు రాబర్ట్ స్మిత్ 1959 లో పుట్టినవాడు. ఇరువదేండ్లు దాటని ప్రాయమున మేళము కట్టి, 1981 లో ఫెయిత్, 1989 లో డిసింటెగ్రేషన్ అను ఆల్బములతో యువకుల దుఃఖమునకు పేరుపడిన ఆయన, అఱువదియైదేండ్ల ప్రాయమున ఈ పాటలు పాడెను. ఇందొకటి పోయిన తన అన్నను గూర్చినది. ఇది పిల్లల పాట కాదు. తోడబుట్టినవారిని కట్టెలపై పెట్టి ఇంటికి వచ్చినవారు వినవలసిన పాట. నేను మా అన్నగారు పోయిన రెండేండ్లకు దానిని వింటిని. భాష రాకున్నను, ఎచ్చట అతని గొంతు ఆగినదో అచ్చట నాకు తెలిసినది.

చివర చెప్పుటకు నొకటి దాచియుంచితిని. ఈ మేళములన్నిటికి పదేండ్ల ముందే, 1968 లో, కొలోను నగరమున పుట్టిన నీకో అను జర్మను గాయని ది మార్బుల్ ఇండెక్స్ అను ఆల్బము పాడెను. నాడు కొన్నవారు తక్కువ. నేడు గాతిక్ పాటకు ఆమెయే పెద్దదిక్కని చెప్పుకొందురు. ఆమె చేత నున్న వాద్యము గిటారు కాదు. తిత్తి యొత్తి మెట్లు నొక్కు హార్మోనియము, మన నాటకములలో పద్యమునకు శ్రుతి యందించిన పెట్టెయే. ఈ సంగతి మనుమడు చెప్పినప్పుడు నేను నమ్మక, మఱల వినిపింపుమంటిని. తిత్తి ఊపిరి స్పష్టముగ వినవచ్చినది. దానికి బదులుగా నేను వానికి, హరిశ్చంద్ర వేషమునకు పేరుపొందిన డి. వి. సుబ్బారావుగారి కాటిసీను వినిపించితిని. వాడు కదలకుండ విని, రెండవమారు పెట్టుమనెను.

ఉగాదికి వాడు మఱల వచ్చుచున్నాడు. మా యూరిలో, ఒకప్పుడు కాటిసీనుకు హార్మోనియము వాయించిన యొక ముసలాయన యున్నాడు. నీకో పాట వినుటకు ఆయనను మిద్దెమీదికి పిలిచితిని. "పాట సంగతి తరువాత చూతము గాని, ఆ యమ్మ పెట్టె ఏ శ్రుతిలో నున్నదో ముందు చెప్పుదును" అని మాట యిచ్చినాడు.