కట్టుడు పళ్ళు – నమలుశక్తి

కట్టుడు పళ్ళు పెట్టించుకొన్న వృద్ధులలో కొందరు నలుగురిలో మాటలాడునపుడు వానిని ధరించి, భోజనమునకు కూర్చుండగానే తీసి ప్రక్కన పెట్టుదురు. నమలుటకు చేయించినవి నమలు వేళకే పనికిరాకున్నవి. పళ్ళు గట్టివి కావని వారు తలంతురు. లోపము సాధారణముగా గట్టితనములో గాక, అమరికలో నుండును.

సహజదంతము వేరుతో ఎముకలో నాటుకొని యుండును. కట్టుడు పళ్ళు చిగుళ్ళపై ఆనియుండునంతే. కావున ఎంత చక్కగా కుదిరినను వాని కొరుకుబలము సహజదంతముల బలములో నాలుగవ వంతో, అయిదవ వంతో మాత్రమే. పైసెట్టు అంగిలినంతయు పరచుకొని లాలాజలపు పొరచే అంటుకొనును. క్రిందిసెట్టు గుఱ్ఱపులాడమువలె సన్ననిది. నాలుక, బుగ్గలు దానిని కదల్చుచుండును. పైగా, పళ్ళు పోయిన పిదప క్రిందిదవడ గట్టు పైదవడ గట్టుకంటె సుమారు నాలుగు రెట్లు అరుగునని టాల్‌గ్రెన్ అను పరిశోధకురాలు 1972లో ప్రకటించిరి.

ఇక అమరిక. బురదచేలో నడచువాడు పాదమంతయు మోపినట్లు, సెట్టు అడుగుభాగము కండరములకు అడ్డురానంత మేర విశాలముగా నుండవలెను. పళ్ళు దవడగట్టుకు సూటిగా నిలువవలెను. వెలుపలికి జరిగినచో, జనమంతయు ఒకే ప్రక్క కూర్చున్న పడవవలె సెట్టు ఒరగును. పళ్ళపై మొనలున్నచో పీచుపదార్థములు బాగుగా తెగును. కాని గట్టు అరిగినవారికి అవి సెట్టును ప్రక్కకు నెట్టును. చదునుపళ్ళు అంతగా నెట్టవు, కాని నలుపుట తక్కువ. పైపంటి లోపలి మొన మాత్రమే క్రిందిపంటి గుంటలో, రోటిలో రోకలివలె పడునట్లు అమర్చుట మధ్యేమార్గము. రెండు దవడల నడిమి ఎత్తు హెచ్చినచో పళ్ళు టకటకలాడును; తగ్గినచో బలము సన్నగిల్లును.

మైనపు నమూనాను నోట పెట్టి చూచు దినముననే ఈ సంగతులు వైద్యుని అడుగవలెను. తొలి వారములలో మెత్తని పప్పన్నము చిన్న ముద్దలుగా, రెండు ప్రక్కల నమలవలెను. తేగను, చెరకును ముందుపళ్ళతో కొరుకరాదు. అంగిలి కప్పబడుటచే పులస ముల్లు నోటికి సులువుగా తెలియదు, ఏరి వడ్డించవలెను. రాత్రి సెట్టు తీసి నీటిలో నుంచవలెను. పుండు పడినచో ఇంట ఆకురాయి పట్టక వైద్యుని చూడవలెను.

సెట్టు వదులైనచో అడుగుభాగమును మరల పోయించవచ్చును. క్రిందిదవడలో రెండు ఇంప్లాంటులు నాటి, వానిపై సెట్టును నిలుపు పద్ధతిని 2002లో మాంట్రియాలులోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయమున కూడిన నిపుణులు సిఫారసు చేసిరి. మన భీమవరము, రాజమహేంద్రవరములందు దంతవైద్య కళాశాలలు కలవు.

ఇంటి పెద్దలు జావతోనే సరిపెట్టుకొనుచున్నచో, అది వయోధర్మమని ఊరకుండక, సెట్టు ఎచ్చట కదలుచున్నదో, ఎచ్చట నొచ్చుచున్నదో అడిగి తెలిసికొనుడు.