ఐదు గంటల దూరం



మన పలివెల నుండి కువైట్ ఎంత దూరం? కోనసీమలో ఈ ప్రశ్న పిల్లలు కూడా అడుగుతారు. ఒకరికి అమ్మ, ఒకరికి పిన్ని, ఒకరికి మేనత్త అక్కడ ఉంటారు గనుక. రావులపాలెంలో రాత్రి బస్సెక్కితే హైదరాబాదు 400 కిలోమీటర్ల పైచిలుకు, చేరేసరికి తెల్లవారుతుంది. శంషాబాదు నుండి కువైట్‌కు ఆకాశమార్గాన సుమారు 3,400 కిలోమీటర్లు. అయినా విమానం దాదాపు ఐదు గంటల్లో చేరుస్తుంది. అక్కడి గడియారం మనకంటె రెండున్నర గంటలు వెనుక. ఇక్కడ రాత్రి 10 గంటలకు బయలుదేరినవారు అక్కడి పన్నెండున్నరకే దిగుతారు.

వెళ్లడానికి ఐదు గంటలు. మరి తిరిగి రావడానికి? ఇంటి పనికి వెళ్లిన సహోదరి వీసా ఆమె యజమానితో ముడిపడి ఉంటుంది. దీన్నే కఫాలా పద్ధతి అంటారు. ఒప్పందం ముగిసినా, ఇక్కడి అప్పు తీరలేదని మరికొన్నేళ్లు ఉండిపోయేవారు ఎందరో!

బైబిలులోనూ ఇలాంటి లెక్క ఉన్నది. ద్వితీయోపదేశకాండము 1వ అధ్యాయము 2, 3 వచనములు తెరవండి. హోరేబు నుండి కాదేషు బర్నేయకు పదకొండు దినముల ప్రయాణమట. మోషే ఆ మాటలు చెప్పే నాటికి నలువదియవ సంవత్సరము! దారి పెరిగిందా? లేదు. వాగ్దాన దేశపు వాకిట నిలిచి ప్రజలు నమ్మక సణిగారు. ఆ అవిశ్వాసమే ప్రయాణాన్ని పొడిగించింది.

లూకా 15లో చిన్న కుమారుడు దూరదేశము నుండి వచ్చాడు. ఆఖరి దూరాన్ని తండ్రే పరుగెత్తి తగ్గించాడు. పొలము నుండి వచ్చిన పెద్ద కుమారుడు మాత్రం ఇంటి బయటే ఆగిపోయాడు.

ప్రియులారా, ఏజెంటు చేతిలో మోసపోయి, ఉత్తచేతులతో తిరిగివచ్చిన సహోదరి మీ సంఘంలో ఉన్నదా? "ఏం తెచ్చావమ్మా?" అంటారన్న సిగ్గుతో ఆదివారం గడప దాటడం లేదా? సముద్రం దాటి వచ్చిన ఆమెకు మందిరానికున్న రెండు వీధులు దాటరానివయ్యాయి. ఆ దూరాన్ని పెంచినది మన నోళ్లు కాదా?

ఈ వారమే ఆమె ఇంటికి మీరే ముందుగా వెళ్లండి. తల్లి అక్కడ, పిల్లలు ఇక్కడ ఉన్న ఇంట్లో కాసేపు కూర్చోండి. కువైట్‌లో శుక్రవారం సెలవు దినం. మన తెలుగువారు ఆనాడే ఆరాధనకు కూడుకొంటారు. ఇంటి పనివారిలో ఆ సెలవైనా దొరకనివారు ఉన్నారు. వారికి వీలైన వేళ ఫోను చేసి, డబ్బు మాట ఎత్తకముందు "అన్నం తిన్నావా?" అని అడగండి. కొత్తగా వెళ్లేవారికి, ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉన్నదో లేదో చూచుకొమ్మని చెప్పండి. ఉద్యోగానికని చెప్పి విజిట్ వీసా చేతిలో పెడితే విమానం ఎక్కవద్దనండి.

ప్రార్థన చేసికొందాము. తండ్రీ, దూరస్థులమైన మమ్మును క్రీస్తు రక్తము ద్వారా సమీపస్థులనుగా చేసితివి. తిరిగివచ్చు వారికి ఎదురు పరుగెత్తు కాళ్లు మాకు దయచేయుము. ఆమేన్.