మూత తెరిచినా మేల్కొనని ల్యాప్‌టాప్



మూత మూస్తే ల్యాప్‌టాప్ నిద్రపోతుంది, తెరిస్తే లేస్తుంది. ఇది మనందరికీ అలవాటైన సంగతే. అయితే భద్రతే ముఖ్యమని తయారుచేసిన క్యూబ్స్ అనే ఆపరేటింగ్ సిస్టంలో ఈ చిన్న పని ఒక్కోసారి మొండికేస్తుంది. మార్కుల జాబితాలు, ప్రశ్నపత్రాలు, ఇంటి లెక్కలు భద్రంగా ఉండాలని దానిని ఎంచుకున్నవారు ఇందుకు కారణమేమిటో తెలుసుకోవడం మంచిది.

క్యూబ్స్‌ను 2010లో జోవన్నా రుత్కోవ్‌స్కా ప్రకటించారు. దీనిని ఒక సత్రంతో పోల్చవచ్చు. పనికొక గది, గదికొక తాళం. ఒక గదిలో దొంగ దూరినా పక్క గదిలోకి పోవడం చాలా కష్టం. వై-ఫై కార్డు కూడా 'సిస్-నెట్' అనే ప్రత్యేకమైన గదిలోనే ఉంటుంది. చిక్కు అక్కడే వస్తుంది. సత్రమంతా లేచినా వాకిలి దగ్గరి కావలివాడు లేవకపోతే రాకపోకలు సాగవు కదా!

కాబట్టి ముందు జబ్బేమిటో గుర్తించండి. తెర వెలిగి, ఇంటర్నెట్ మాత్రమే రాకపోతే యంత్రమంతా ఆపనక్కరలేదు. సిస్-నెట్‌ను మాత్రం ఆపి మళ్ళీ మొదలుపెట్టండి. ప్రతిసారీ ఇదే తంతు అయితే, సిస్-నెట్‌లోని 'ఆర్‌డబ్ల్యు' కింద 'కాన్ఫిగ్' అనే చోట 'సస్పెండ్-మాడ్యూల్-బ్లాక్‌లిస్ట్' అనే ఫైలు ఉంటుంది. అందులో మీ వై-ఫై డ్రైవరు పేరు రాయండి. ఇంటెల్ కార్డులు చాలావాటికి 'ఐడబ్ల్యుఎల్ఎంవీఎం', 'ఐడబ్ల్యుఎల్‌వైఫై' అనే రెండు పేర్లూ వరుసగా రాయాలి. అప్పుడు నిద్రకు ముందు ఆ డ్రైవరును దించి, లేచాక మళ్ళీ ఎక్కిస్తుంది.

సంచిలో పెట్టిన ల్యాప్‌టాప్ వేడెక్కి, బ్యాటరీ దిగిపోతోందా? అది గాఢనిద్ర కాదు, కోడికునుకు. బయోస్‌లోకి వెళ్ళి చూడండి. కొన్ని థింక్‌ప్యాడ్‌లలో నిద్ర విధానం దగ్గర 'విండోస్', 'లినక్స్' అని రెండు ఎంపికలు ఉంటాయి. 'లినక్స్' ఎంచుకుంటే ఎస్-త్రీ అనే గాఢనిద్ర వస్తుంది. కొన్ని కొత్త యంత్రాలలో ఆ సదుపాయమే లేదు. కొనే ముందే ఈ సంగతి విచారించండి.

తెర నల్లగానే ఉండిపోతే బయోస్‌నూ, కెర్నెల్‌నూ కొత్తవాటికి మార్చి చూడండి. అన్నిటికంటే ముందు, మూత మూసేముందు చేస్తున్న పనిని సేవ్ చేసుకోండి. లేవని యంత్రం సేవ్ చేయని పనిని తిరిగి ఇవ్వదు.

చివరిగా అసలు మాట. నిద్రలో ఉన్న ల్యాప్‌టాప్ తాళం వేసినట్టు కనిపిస్తుంది గాని, డిస్కు తాళంచెవి మెమరీలోనే ఉంటుంది. అలాంటి తాళంచెవిని మెమరీ నుంచి రాబట్టవచ్చునని 2008లో ప్రిన్స్‌టన్ పరిశోధకులు చేసి చూపించారు. అందుచేత బస్సెక్కేటప్పుడు, రైలెక్కేటప్పుడు యంత్రాన్ని నిద్రపుచ్చకండి, పూర్తిగా ఆపేయండి. తిరిగి తెరవడానికి రెండు నిమిషాలు ఎక్కువ పట్టవచ్చు. పోతే పోయింది రెండు నిమిషాలే, పిల్లల వివరాలు కావు.