కొండమీది రాళ్లగూళ్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉగాది పచ్చడి తిని, పంచాంగము విని కూర్చున్న మీకు శ్మశానాల ముచ్చట చెప్పబోతున్నందుకు మన్నించండి. రాబోయే ఏటి ఫలితాలు పంతులుగారు చెప్పనే చెప్పారు. మనము రెండువేల అయిదువందల ఏళ్ల వెనుకటి సంగతి కొంచెము చెప్పుకుందాము.

1953లో తుంగభద్ర కాలువలకు నీరు వచ్చిన తరువాత మన పెద్దలు కోస్తా జిల్లాల నుండి ఈ రాయచూరు సీమకు తరలివచ్చారు. తుమ్మలు కొట్టి, రాళ్లు ఏరి, నేల చదును చేసి మళ్లు కట్టారు. మనము కాపురమున్న చోట్లకు క్యాంపులని పేరు వచ్చింది. మనకు ముందు ఇక్కడ బీడు తప్ప ఏమీ లేదనుకోవడము మనకు అలవాటైంది. అది నిజము కాదు.

గబ్బూరులో పాత గుళ్లు, శాసనాలు చూచినవారికి ఈ నేల పెద్దరికము తెలుసు. ఆ గుళ్లకంటే వెయ్యేళ్లకు పైగా పాతవి ఈ ప్రాంతపు రాళ్లకుప్పలు. తెలుగునాట వీటినే రాక్షసగుళ్లు అంటారు. చుట్టూ గుండ్రాళ్లు, లోపల నాలుగు బండలతో పెట్టెవంటి గది, పైన మూతబండ. కృష్ణకు ఆవల సురపురం సంస్థానములో పనిచేసిన మెడోస్ టేలర్ దొర 1850 ప్రాంతములో జేవర్గి వద్ద ఇటువంటి కుప్పలను తవ్వించగా ఎముకలు, కుండలు, ఇనుప పనిముట్లు బయటపడ్డాయి. అశోకుని పేరున్న శాసనము దొరికిన మస్కిలో 1954లో జరిపిన తవ్వకాలలోనూ ఆ కాలపు సమాధులు కనబడ్డాయి.

వీటన్నిటిలో చూడదగినది గంగావతి దగ్గరి హిరే బెణకల్ కొండ. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడేవరకు అదీ రాయచూరు జిల్లాయే. పొదలు, చెట్లు దాటి పైకెక్కితే నాలుగువందలకు పైగా కట్టడాలు! మనిషికంటే ఎత్తయిన బండలు, వాటిలో కొన్నిటికి గుండ్రని కంతలు. పొట్టివాళ్లయిన మోర్యరు అక్కడ కాపురమున్నారని ఊరివారి నమ్మకము. ఒక గుండుపై నగారా ఆకారములో రాయి ఉన్నది, కొడితే మ్రోగుతుంది. 2021లో ఈ కొండ యునెస్కో వారి తాత్కాలిక జాబితాకెక్కింది.

ఆనాటివారు చాలచోట్ల ఎముకలు ఏరి, కుండలతో సహా రాతిగదిలో భద్రపరచేవారు. మనము అస్థిసంచయనము చేయమా? ఆ దుఃఖము మనకు పరాయిది కాదు.

అయితే పేరున్న కొండకు కాపలా ఉంటుంది. పొలములోని కుప్పకు ఎవరున్నారు? గట్టుకనీ, పునాదికనీ ఆ రాళ్లు తరలిపోతున్నాయి. నిధి ఉన్నదని రాత్రిళ్లు తవ్వేవారున్నారు. అందులో ఉండేది మట్టికుండ, తుప్పుపట్టిన ఇనుము, ఒకరి ఎముకలు. ఒకసారి కదిలిస్తే వాటి కథ తిరిగి కూర్చలేము. చట్టము ప్రకారము భూమిలో దొరికిన నిధిని అధికారులకు తెలియజేయవలెను.

మన పెద్దల్లో పలువురు ఈ మట్టిలోనే కలిసిపోయారు. వారి సమాధిరాయిని రేపెవరో గట్టుకు వేసుకుంటే మన మనసు ఎంత నొచ్చుకుంటుంది? కనుక పొలములో అట్టి కుప్ప కనబడితే చుట్టూ నాలుగడుగులు విడిచి దున్నుదాము, తహశీలుదారుకు తెలుపుదాము, పిల్లలను ఒకసారి ఆ కొండకు తీసుకొని వెళ్దాము. ముందున్నవారిని గౌరవించినప్పుడే ఈ నేల మనదవుతుంది.