విమానము కాలికి గల కీళ్ళు

దమ్ము చేయుచున్న చేలలో కొంగలు వాలుట కోనసీమలో చూడనివారుండరు. ఎగురునంతసేపు కొంగ కాళ్ళను వెనుకకు చాచి తోక క్రింద ఆనించుకొనును. వాలబోవుచు ముందునకు దింపును. బురదలో దిగినను కాలు తడబడదు.

మన అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతములవారికి దగ్గరనున్న విమానాశ్రయము రాజమహేంద్రవరము చెంతనున్న మధురపూడి. (గన్నవరము విమానాశ్రయమనగా మన వైనతేయపు ఒడ్డునగల పి. గన్నవరము కాదు, విజయవాడ దగ్గరిది.) చిన్న పట్టణముల నడుమ తిరుగు ఏ.టి.ఆర్. 72 రకపు విమానము నిండు బరువుతో సుమారు 23 టన్నులు తూగును. అది గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగముతో నేలను తాకును. అంతవరకు పొట్ట ప్రక్కన మడిచి పెట్టుకొన్న కాళ్ళ మీదనే ఆ బరువంతయు పడును. మడతపడు కాలు ఇంత బరువునకు మడతపడకుండుట ఎట్లు?

ఈ రహస్యము బడిపిల్లలకు తెలియును. నిటారుగా నిలుచున్నవాని మోకాలిని ముందునుండి నెట్టిన కదలదు. వెనుకనుండి మెల్లగా తట్టిన చాలు, వాడు కూలబడును. మోకాలు తిన్నని గీతను రవ్వంత దాటి వెనుకకు నిలిచినప్పుడు, పైబరువు దానిని ఇంకను బిగించును. ముందునకు వంగెనా, అదే బరువు కూలద్రోయును. విమానపు కాలికి ప్రక్కన రెండు ముక్కల ఊత ఒకటి యుండును. ఆ ముక్కల నడిమి కీలు, కాలు పూర్తిగా దిగినప్పుడు, తిన్నని గీతను కొద్దిగా దాటి ఒక అడ్డునకు ఆనుకొనును. చిన్న కడ్డీ ఒకటి, స్ప్రింగులు దానిని అక్కడనే పట్టియుంచును. నూనె ఒత్తిడితో పనిచేయు యంత్రము కాలిని దింపును, ఎత్తును. కాని దిగిన కాలిని నిలుపునది ఆ ఒత్తిడి కాదు, కీలు నిలిచిన చోటు. మరల ఎత్తవలసినప్పుడు మొదట ఆ కీలును వెనుకనుండి తట్టవలయును. బడిపిల్లల అల్లరియే యిది!

కనుక కాలు దిగుట వేరు, తాళము పడుట వేరు. 1983 జూలై 23న కెనడాలో ఒక బోయింగు 767 విమానమునకు ఆకాశమున ఇంధనము అయిపోయి, ఇంజన్లు రెండును ఆగిపోయెను. గింలీ యను చోట ఒక పాత సైనిక విమానాశ్రయమున దిగవలసివచ్చెను. కొక్కెములు విడిపింపగా ప్రధానచక్రములు తమ బరువుతోనే దిగి తాళము పడెను. ముక్కుచక్రము తాళము పడలేదు. నేల సోకినంతనే అది లోనికి ముడుచుకొనిపోగా విమానము ముక్కుతో నేల నొరయుచు ఆగెను. ఆనాడు ఆ దారిపై కార్ల పందెములు జరుగుచుండెను. ముక్కు రాపిడివలన విమానము త్వరగా నిలిచినదనియే చెప్పవలయును. అందున్న 69 మందియు బ్రతికిరి.

మరియొక కీలును గూర్చి చెప్పవలసియున్నది. చాలా విమానముల కాలు చిమ్మనగ్రోవి వంటిది: గొట్టములో కడ్డీ జారుచు దెబ్బను మ్రింగును. కాని చిమ్మనగ్రోవిలోని పుల్ల జారుటయేగాక గిరగిర తిరుగును కూడ. చక్రము అట్లు తిరిగిన విమానము దారి తప్పును. అందుకై గొట్టమునకు, కడ్డీకి నడుమ మోచేయివలె వంగు రెండు కడ్డీలను బిగింతురు. అవి జారనిచ్చును, తిరుగనీయవు. ఆ కీళ్ళ చీలలు అరిగి వెంట్రుకవాసి వదులైనను పరుగులో చక్రము గడగడ వణకును. ఇరుసు అరిగిన బండి తోలినవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. విమానమునకును కందెన కావలయును. కార్ఖానాలో దానిని జాకీలమీద నిలిపి, కాళ్ళను ముడిపించి, దింపించి, ప్రతి కీలును తడవి చూతురు.

విమానము నేలపై నిలిచియుండగా, పొరపాటున ఎవరును కాలిని ముడువకుండ తాళపు కీలులో ఒక చీల దూర్చి, దానికొక పొడవైన ఎర్రని గుడ్డ కట్టుదురు. బయలుదేరుటకు ముందు దానిని తీయుట మరచిరా, విమానము ఎగురును గాని కాళ్ళు ముడుచుకొనవు. వచ్చిన దారినే తిరిగి దిగవలసినదే.