ఇప్పుడు బ్యాటిల్‌షిప్ కట్టగలమా? కట్టాలా?

(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



"నీ వృత్తి గురించి పదిహేను నిమిషాలు మాట్లాడు, అందరికీ అర్థమయ్యేలా ఉండాలి" అన్నారు కమిటీ వాళ్లు. ముప్పై ఏళ్లుగా ఉక్కు పలకలతో, వెల్డింగుతో బతుకుతున్నవాణ్ణి. వెల్డింగు గురించి పదిహేను నిమిషాలంటే మీరంతా భోజనాల వైపు చూడటం మొదలుపెడతారు. అందుకని మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య జరిగిన ఒక గొడవనే విషయంగా తీసుకున్నాను.

మా వాడొకడు పాత అమెరికన్ బ్యాటిల్‌షిప్ వీడియో పెట్టాడు. తొమ్మిది ఫిరంగులూ ఒక్కసారి పేలితే సముద్రమే ఊగిపోతోంది. "ఇలాంటివి నాలుగు కట్టి విశాఖలో నిలబెడితే మన జోలికి ఎవడైనా వస్తాడా?" అని కింద రాశాడు. ఇంకొకడు "డబ్బు మీ తాత ఇస్తాడా?" అన్నాడు. అర్ధరాత్రి దాకా వాదులాడుకుని చివరికి నా మీద పడ్డారు: "నువ్వు ఇంజినీరువి కదా, తేల్చు." "వద్దు" అని ఒక్క మాట రాసి పడుకున్నాను. ఎందుకు వద్దో ఇప్పుడు చెబుతాను.

నిజానికి ఆ వీడియో పెట్టినవాడి కోరిక నాకు కొత్త కాదు. 1984లో తొమ్మిదో తరగతి సైన్సు ప్రదర్శనకు డాల్డా డబ్బాల రేకు కత్తిరించి నేనూ ఒక బ్యాటిల్‌షిప్ చేశాను. శత్రువు ఎక్కడ కొట్టినా తట్టుకోవాలని పక్కలకు, పైకప్పుకు, ఫిరంగుల గదులకు, పొగగొట్టానికి కూడా రెండేసి పొరల రేకు అతికించాను. స్కూలు వెనక నీళ్ల హౌజులో వదిలితే అటో ఊపు, ఇటో ఊపు ఊగి బోర్లా పడింది. అందరూ నవ్వారు. సైన్సు సారు మాత్రం నవ్వలేదు. ఓడను బయటికి తీసి, నీళ్లు ఒంపి, "బరువంతా పైకి ఎక్కించావురా. అన్నీ కప్పాలనుకుంటే కుదరదు. దేన్ని కప్పాలో ముందు తేల్చుకో" అన్నారు. ఈ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

ముందు పేరు సంగతి. యుద్ధనౌకలన్నీ బ్యాటిల్‌షిప్‌లు కావు. పెద్ద ఫిరంగులు, వాటి గుండ్లను తట్టుకునే మందపాటి ఉక్కు కవచం, ఈ రెండూ ఉన్నదే బ్యాటిల్‌షిప్. వాటిలో అతి పెద్దది జపాన్ వారి యమాటో. పొడవు 263 మీటర్లు, నిండా సరుకెత్తితే 70 వేల టన్నులు దాటుతుంది. పక్క కవచం మందం 410 మిల్లీమీటర్లు, అంటే మూరకు కాస్త తక్కువ. మన విమానవాహక నౌక విక్రాంత్ పొడవు 262 మీటర్లు. అంటే అంత పొడవైన ఓడ మన దేశంలో కట్టగలమా అన్న ప్రశ్న ఇప్పుడు లేదు. కొచ్చిన్‌లో కట్టాం, 2022 సెప్టెంబర్ 2న నౌకాదళంలో చేర్చుకున్నాం.

ఆ ఓడ ఉక్కు కథ మన ఇంటి పక్కది. మొదట రష్యా నుంచి రావాలనుకున్న ఉక్కు అందలేదు. పని ఆగేలా ఉంటే, ఇక్కడ కంచన్‌బాగ్‌లో ఉన్న డీఎంఆర్‌ఎల్ శాస్త్రవేత్తలు, సెయిల్ కర్మాగారాల వాళ్లు కలిసి డీఎంఆర్ 249 అనే ఉక్కును రూపొందించారు. ఆ రకం ఉక్కు దాదాపు 30 వేల టన్నులు విక్రాంత్‌లోకి వెళ్లింది. ఎల్‌బీనగర్ చౌరస్తా నుంచి కర్మన్‌ఘాట్, చంపాపేట మీదుగా డీఎంఆర్‌ఎల్ చౌరస్తాకు ఎంత దూరమో మీకు నేను చెప్పాలా?

అయితే ఓడ పలక వేరు, బ్యాటిల్‌షిప్ కవచం వేరు. ఇరవై, ముప్పై మిల్లీమీటర్ల పలకను అతకాలంటేనే ముందు వేడి చేయాలి, పొర మీద పొర పోయాలి, చల్లారాక పగుళ్లు లేవని ఎక్స్‌రే తీసి చూడాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, తేమ పట్టిన ఎలక్ట్రోడ్లను ఆరబెట్టకుండానే వాడనిచ్చాను. మూడు రోజుల పని ఎక్స్‌రేలో పోయింది. తప్పు నాదే. మొత్తం తవ్వి మళ్లీ అతికాం. 400 మిల్లీమీటర్ల కవచమంటే ఆ బాధలకు ఎన్నో రెట్లు. దాన్ని భారీ ప్రెస్సుల కింద సాగగొట్టాలి, పైముఖం గట్టిపడటానికి వారాల తరబడి కొలిమిలో కాల్చాలి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ విద్య ఆగిపోయింది. చేసినవాళ్లు పోయారు, యంత్రాలు తుక్కుకు వెళ్లాయి. మళ్లీ నేర్చుకోలేమా? నేర్చుకోగలం. పదేళ్లు, బోలెడు డబ్బు పెడితే వస్తుంది.

డబ్బు మాటకొద్దాం. ఓడంటే ఉక్కు, కాబట్టి బరువును బట్టి ధర ఉంటుందని చాలామంది అనుకుంటారు. రెండు లెక్కలు చూడండి. విశాఖలోని హిందుస్తాన్ షిప్‌యార్డ్‌కు 2023 ఆగస్టులో ఐదు సహాయక నౌకల ఆర్డరు వచ్చింది. సముద్రం మధ్యలో యుద్ధనౌకలకు ఇంధనం, నీళ్లు, మందుగుండు అందించే ఓడలవి. ఒక్కోటి 44 వేల టన్నులు. ఐదింటికీ కలిపి సుమారు 19 వేల కోట్లు. అంటే టన్నుకు తొమ్మిది లక్షల లోపు. ఇంకోవైపు 2021 నవంబర్‌లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. పేరు మన విశాఖదే గానీ కట్టింది ముంబైలోని మజగావ్ డాక్‌లో. బరువు 7,400 టన్నులు. ఆ తరగతి నౌకలు నాలుగింటికీ కలిపి ఖర్చు 35 వేల కోట్లు దాటింది, అంటే ఒక్కోటి దాదాపు తొమ్మిది వేల కోట్లు. టన్నుకు కోటీ ఇరవై లక్షలు!

రెండూ ఉక్కు ఓడలే. అయినా టన్నుకు పదమూడు, పద్నాలుగు రెట్ల తేడా. ఎందుకంటే యుద్ధనౌకలో ఖరీదైనది ఉక్కు కాదు. రాడార్లు, క్షిపణులు, సోనార్లు, కంప్యూటర్లు, వాటన్నిటినీ కలిపే తీగలు, ఇవీ ఖరీదు.

ఇప్పుడు 70 వేల టన్నుల బ్యాటిల్‌షిప్‌కు ముతక లెక్క వేద్దాం. విక్రాంత్ 45 వేల టన్నులకు సుమారు 20 వేల కోట్లయింది, దాని మీది విమానాలు కాక. అదే ధరన 70 వేల టన్నులకు 31 వేల కోట్లు. ఇందులో పోయిన విద్యను తిరిగి తెచ్చుకునే ఖర్చు లేదు. మన మెట్రో మూడు మార్గాలకూ ఒప్పందం నాడు వేసిన అంచనా 14,132 కోట్లు. ఒక్క ఓడ ధరకు అలాంటి మెట్రోలు రెండు. అయినా దేశ రక్షణకు అవసరమైతే ఆ డబ్బు పెట్టాల్సిందే. ఖర్చు ఎక్కువన్న ఒక్క కారణంతో నేను వద్దనలేదు.

అసలు కారణం దూరం. మనందరికీ తెలిసిన విజయవాడ రోడ్డు మీద చూపిస్తాను. యమాటో ఫిరంగి గుండు 1,460 కిలోలు, గరిష్ఠంగా పోయే దూరం 42 కిలోమీటర్లు. ఎల్‌బీనగర్‌లో పేలిస్తే చౌటుప్పల్ దాటి కాస్త దూరంలో పడుతుంది. బ్రహ్మోస్ క్షిపణి తొలి రకం పరిధే 290 కిలోమీటర్లు. ఎల్‌బీనగర్ నుంచి సూటిగా గీత గీస్తే విజయవాడ 240 కిలోమీటర్లు. ధ్వనికి దాదాపు మూడు రెట్ల వేగంతో పోయే ఆ క్షిపణికి అది నాలుగైదు నిమిషాల ప్రయాణం. అంటే చౌటుప్పల్ దాకా కొట్టగలిగినవాడు, విజయవాడ నుంచి కొట్టేవాడితో పోట్లాటకు దిగాలి. వాడి దగ్గరికి చేరేలోపే వీడి పని అయిపోతుంది.

"మందపాటి కవచం ఉంది కదా, తట్టుకుంటుంది" అని మా వాడు వాదించాడు. నిజమే, పక్క కవచం కొన్ని దెబ్బలు తట్టుకోవచ్చు. కానీ రాడార్‌ను 400 మిల్లీమీటర్ల ఉక్కుతో కప్పలేం, కప్పితే దానికి ఏమీ కనబడదు. పైన రాడార్లు, యాంటెన్నాలు పోతే ఓడ మునగకపోయినా గుడ్డిదవుతుంది. ఇక టార్పెడో అయితే కవచం జోలికే పోదు. ఓడ కింద పేలి వెన్ను విరుస్తుంది. వరుణాస్త్ర అనే టార్పెడోను విశాఖలోని ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించింది, మన కంచన్‌బాగ్ బీడీఎల్‌కు విశాఖలో ఉన్న కర్మాగారంలో తయారవుతోంది. దేన్ని కప్పాలో తేల్చుకోమని సారు అన్నారు. ఈనాటి ఓడలో కాపాడుకోవాల్సిన ముఖ్యమైన వస్తువే కప్పడానికి వీల్లేనిది. అందుకే ఇప్పుడు కాపుదల అంటే ఎదురు క్షిపణులు. వచ్చే దెబ్బను తట్టుకోవడం కాదు, రాకముందే ఆకాశంలో పడగొట్టడం.

చరిత్ర ఈ మాట ఎప్పుడో చెప్పింది. 1941 డిసెంబర్ 10న మలయా తీరంలో బ్రిటన్‌కు చెందిన ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్ అనే రెండు పెద్ద నౌకలను జపాన్ విమానాలు ముంచేశాయి. విచిత్రం చూడండి, ఆ తర్వాత ఆరు రోజులకే అదే జపాన్ యమాటోను నౌకాదళంలో చేర్చుకుంది. శత్రువుకు తాము నేర్పిన పాఠం తమకే పనికిరాలేదు. 1945 ఏప్రిల్ 7న అమెరికన్ విమానాలు యమాటోనూ ముంచాయి. సుమారు మూడు వేల మంది ఒక్క మధ్యాహ్నం పోయారు.

మన అనుభవమూ ఉంది. 1971 డిసెంబర్ 4 రాత్రి కరాచీ దగ్గర ఖైబర్ అనే రెండు వేల టన్నులు దాటిన పాకిస్తాన్ యుద్ధనౌకను ముంచింది, 250 టన్నులు కూడా లేని మన క్షిపణి పడవ. ఆ దాడి గుర్తుగానే ఏటా డిసెంబర్ 4న నేవీ డే జరుపుకుంటున్నాం.

అవతలి పక్షం మాట కూడా చెప్పాలి. ఫిరంగి గుండు చౌక, క్షిపణి ఖరీదు. తీరాన్ని గంటల తరబడి కొట్టాలంటే ఫిరంగే మేలు. అందుకే అమెరికా తన పాత బ్యాటిల్‌షిప్‌లను 1980లలో మళ్లీ బయటికి తీసి, 1991 గల్ఫ్ యుద్ధంలో కూడా వాడింది. కానీ ఒక్కోదానికి 1,500 మందికి పైగా సిబ్బంది కావాలి. మన విశాఖపట్నం నౌకకు సుమారు 300 మంది చాలు. 1992లో చివరి బ్యాటిల్‌షిప్‌నూ విరమింపజేశారు. తర్వాత జుమ్‌వాల్ట్ అనే కొత్త తరగతికి దూరం పోయే ఫిరంగులు పెట్టారు. 32 ఓడలు అనుకున్నది మూడుకు తగ్గేసరికి ఒక్కో గుండు ధర ఎనిమిది లక్షల డాలర్లకు చేరింది. గుండ్లు కొనడమే మానేశారు. ఫిరంగి చౌక అన్న వాదనా అలా పోయింది.

"మరి విక్రాంత్ కూడా పెద్దదేగా, దాన్ని ముంచలేరా?" అన్నది మంచి ప్రశ్న. దాని విమానాలు వందల కిలోమీటర్ల దూరంలోనే పని ముగించుకు రాగలవు, అందుకని దానికి ఇంకా చోటుంది. అయినా ఆ ప్రశ్న దానికీ వర్తిస్తుంది, నౌకాదళాలన్నీ వేసుకుంటూనే ఉన్నాయి.

ఇంకొక్క మాట. యమాటో తన పెద్ద ఫిరంగులను శత్రు నౌకల మీద పేల్చింది యుద్ధం మొత్తంలో ఒక్కసారే, 1944 అక్టోబర్‌లో. జర్మనీ వారి టిర్పిట్జ్ ఎక్కువ కాలం నార్వే కొండల చాటున దాక్కుని, అక్కడే బాంబులకు బలైంది. అంత డబ్బు, అంత పరువు పెట్టి కట్టాక, పోతుందేమోనన్న భయంతో బయటికి పంపలేకపోయారు. పెళ్లికి కొన్న నగను దొంగల భయంతో బ్యాంకు లాకర్‌లోనే ఉంచినట్టు. 31 వేల కోట్లకు విశాఖపట్నం లాంటి నౌకలు మూడు వస్తాయి. ఒకటి మరమ్మతులో ఉన్నా, ఒకటి పోయినా, ఇంకొకటి సముద్రంలో ఉంటుంది. నేను "వద్దు" అన్నది ఇందుకు.

చివరిగా ఒక చిన్న సంగతి. మన తరగతుల్లో కంచన్‌బాగ్ పిల్లలు కొందరు ఉండేవాళ్లు. "మీ నాన్న ఏం చేస్తారు?" అంటే "ల్యాబ్" అనేవాళ్లు. ఆపైన వాళ్లకూ తెలియదు. పొద్దున్నే ఆఫీసు బస్సెక్కి వెళ్లి, సాయంత్రం కూరగాయల సంచీతో దిగే ఆ నాన్నలు మాకు ప్రత్యేకంగా కనబడేవాళ్లు కాదు. నేను హౌజు దగ్గర రేకు ఓడతో తంటాలు పడుతున్న రోజుల్లో, ఆ నాలుగు కిలోమీటర్ల అవతల, పెద్ద ఓడలకు కాలం చెల్లజేసే పని వాళ్ల చేతుల్లో సాగుతోంది. ఇంట్లో కూడా చెప్పుకోలేదు. వారిలో కొందరు ఈ రోజు ఈ సభలో తాతయ్యలుగా కూర్చుని ఉన్నారు. వారికి నా నమస్కారం.

మా వాట్సాప్ మిత్రుడు కూడా ఇక్కడే ఉన్నాడు. వీడియో బాగుందిరా, దాచుకో. చూడటానికి దాన్ని మించింది ఇప్పటికీ లేదు.